ముప్పై అయిదు శూలాలు

శూలాలు నేనే లెక్కపెట్టాను. ఒకసారి కుడి నుంచి ఎడమకి, మళ్ళీ ఎడమ నుంచి కుడికి. రెండుసార్లూ ముప్పై అయిదే వచ్చాయి. ఆ లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అదే చెప్తాను.

అది 2022 నవంబరు. మా వారు రంగనాథ్ అప్పటికి రిటైరై, జంషెడ్‌పూర్‌లోని మా తెలుగు సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఈ ఊరికి తెలుగువాళ్ళు ఎప్పుడు వచ్చారు, ఎక్కడెక్కడ స్థిరపడ్డారు అన్నదాని మీద సంఘం ఒక పుస్తకం వేద్దామనుకుంది. బడి పుస్తకంలోలాగా ఒక్కో పేటకీ మూడు శీర్షికలు పెట్టారాయన: చరిత్ర, భూగోళం, జనజీవనం. గోల్‌మురి ఒకరికి, బిష్టుపూర్ ఇంకొకరికి అప్పగించి, పోలమ్మ గట్టు నా మీద పెట్టారు.

"మన కద్మా నుంచి నడిచి వెళ్ళొచ్చు. నీకూ తోస్తుంది" అన్నారు.

పోలమ్మ గట్టు అంటే నది ఒడ్డున నలభై ఆరు ఇళ్ళు. ఖర్కాయి నది దోముహాని దగ్గర సువర్ణరేఖలో కలవడానికి ముందు ఒకచోట బాగా వెడల్పుగా వంపు తిరుగుతుంది. వానాకాలం ఆ వంపు నిండా నీళ్ళు నిలిస్తే, అవతల ఆదిత్యపూర్ దీపాలు లేకపోతే, సముద్రం ఒడ్డున ఉన్నామేమో అనిపిస్తుంది. అందుకే ఆ చోటు ఎంచుకున్నారో ఏమో తెలియదు. గట్టు మీది వాళ్ళంతా శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని ఆనుకున్న ఒకే పల్లె నుంచి వచ్చారు. మగవాళ్ళు కార్ఖానాల్లో కాంట్రాక్టు పనులకి, ఆడవాళ్ళు బజారుకి. వల వేయడం ఈ తరానికి రాదు. కానీ ప్రతి ఇంటి చూరుకీ ఒక వల ముక్క వేలాడుతూ ఉంటుంది, దాంట్లో ఉల్లిపాయలు పెట్టుకుంటారు.

ముందు పోలరాజుగారిని కలిశాను. గట్టు మీద ఆయనే పెద్ద. కార్ఖానాలో బరువులెత్తే ఖలాసీగా చేసి మానేశారు. నా చేతిలో కాగితాలు చూడగానే కండువా సర్దుకుని కుర్చీలో కూర్చున్నారు.

"వందేళ్ళండి. రాసుకోండి. కార్ఖానా పునాదికి ఇటిక మోసింది మా తాతే."

"మీ తాతగారి పేరేమిటి?"

ఆయన కండువా మళ్ళీ సర్దుకున్నారు. "మా తాత కాదులెండి. మా ఊరోళ్ళ తాత."

అరుగు మీద ఆడవాళ్ళంతా నవ్వారు. "ఓలమ్మో, ఊరందరికీ ఒక్కడే తాతట" అంది ఒకావిడ. నేను 'వంద' అన్న మాట మీద గీత కొట్టేశాను. నాకు అతిశయోక్తి గిట్టదు. పెళ్ళిపత్రికలో ముహూర్తం నిమిషాలు తప్పు పడితే ఫోన్ చేసి చెప్పే మనిషిని నేను.

ఆ తర్వాత జోగమ్మగారి దగ్గరికి వెళ్ళాను. జోగమ్మగారు కద్మా బజారులో ఎండుచేపలు అమ్ముతారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ దగ్గరే నెత్తళ్ళు కొంటున్నాను. తూకం ఎప్పుడూ తేడా రాలేదు. పోలరాజుగారికి వదిన వరస. డెబ్భై ఏడేళ్ళు ఉంటాయని ఆవిడ ఆధార్ కార్డు చెప్తుంది.

"ఏటమ్మా, కాయితాలొట్టుకొచ్చావు? నాకేటి తెలుసు ఏళ్ళూ గీళ్ళూ" అన్నారావిడ. "పద్ధెనిమిదో ఏట పెళ్ళయి వచ్చినప్పుడు ముందు గోల్‌మురిలో మా బావగారి గదిలో ఉన్నాం. ఒక్క గదిలో ఏడుగురం. కాళ్ళు సాపితే గోడకి తగిలీవి. తరవాత మా ఆయన ఇక్కడ గుడిసేసినాడు. అమ్మోరిని నిలబెట్టినాడు."

"గోల్‌మురిలో ఎన్నాళ్ళున్నారు?"

"శానా నాళ్ళే ఉన్నాం. మా తోటికోడలితో పడనేక వచ్చీసినాం."

"శానా అంటే?"

"శానా అంటే శానాయే. నువ్వో పని సెయ్యి. సంబరాలు లెక్కెట్టుకో. అమ్మోరి ఎనకాతలే ఉన్నాయి శూలాలు. సంబరానికొకటి. మా ఆయన మొదలెట్టినాడు. ఒక్కటీ తప్పనేదు."

పోలమ్మకి చైత్రమాసంలో చేసే జాతరని వాళ్ళు సంబరం అంటారు. సంబరం అయిన మర్నాడు, అమ్మవారి రాయి వెనక మట్టిలో జానెడు ఇనుప శూలం ఒకటి పాతుతారు. అది తీయరు, కదపరు. వరద వచ్చినా మట్టి ఎగదోసి నిలబెడతారు. నాకు అది చాలా నచ్చింది. ఒకరి జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేని లెక్క.

మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టాను. ముప్పై అయిదు. వాటిలో మొదటి పదకొండు సుత్తితో కొట్టినవి, ముళ్ళు వంకరటింకరగా ఉన్నాయి. తక్కినవి గోల్‌మురి కమ్మరి దుకాణంలో చేయించినవి, అన్నీ ఒకే తీరు. ఇదీ రాసుకున్నాను. కరోనా అప్పుడు సంబరం చేశారా అని అడిగాను. రెండేళ్ళు చేయలేదన్నారు. ఆ రెండూ కలిపితే ముప్పై ఏడు. 2022 నుంచి వెనక్కి లెక్కపెడితే మొదటి సంబరం 1986.

నేను ఈ ఊరు వచ్చింది 1999లో. అప్పటి నుంచి ఏటా చైత్రంలో గట్టు మీద డప్పులు వింటూనే ఉన్నాను. ఇక అడగడానికి ఏముంది అనుకున్నాను.

"పెళ్ళయి వచ్చింది పద్ధెనిమిదో ఏట అంటున్నారు కదా, అయితే గోల్‌మురిలో ఇరవై ఏళ్ళ పైన ఉన్నట్టు" అన్నాను.

"ఉన్నామేమోలే" అన్నారు జోగమ్మగారు చేపల మీద ఈగలు తోలుతూ. "నువ్వు సదూకున్నదానివి."

రాత ప్రతి చూసి మా ఆయన మొహం అదోలా పెట్టారు. "ముప్పై ఏడేళ్ళేనా? వాళ్ళు వందంటున్నారు. వంద అని వేస్తే ఏం పోయింది కుసుమా? ఎవరు చూడొచ్చారు?"

"చూడరనేనా తప్పు రాసేది?"

"సరే తల్లీ. నీ ఇష్టం."

2023 జనవరిలో పుస్తకం వచ్చింది. గట్టు మీది వాళ్ళకి అయిదు ప్రతులు ఇచ్చాం. నేనే వెళ్ళి వాళ్ళ పేజీలు చదివి వినిపించాను. అమ్మవారి ఫొటో చూసి ఆడవాళ్ళు కళ్ళకద్దుకున్నారు. వాళ్ళ పేట పేరు అచ్చులో రావడం అదే మొదలు. పోలరాజుగారు మాత్రం, "వంద కొట్టీసినారు" అని రెండుసార్లు అన్నారు.

మరుసటి ఏడు జూలైలో ప్రతి ఇంటి తలుపుకీ సర్కారు నోటీసు అంటించారు. నది ఒడ్డున కట్టుకున్న ఇళ్ళన్నీ తీసేస్తారు. 1985 జనవరి ఒకటో తేదీకి ముందు నుంచి ఉన్న బస్తీ అని రుజువు చూపిస్తే వదిలేస్తారు. రుజువు తేవడానికి నలభై అయిదు రోజులు.

గట్టు మీద అందరూ ట్రంకు పెట్టెలు తెరిచారు. వరదల్లో పోయినవి పోగా మిగిలిన పాత కాగితాలు చాలానే దొరికాయి. గేటు పాసులు, బడి సర్టిఫికెట్లు, ఒక పెన్షన్ పుస్తకం. అన్నిటి మీదా చిరునామా ఒక్కటే: శ్రీకాకుళం జిల్లాలోని ఆ పల్లె. ఏ కాగితం మీదా పోలమ్మ గట్టు లేదు. నలభై ఏళ్ళు ఇక్కడ పని చేసినవాడు కూడా ప్రతి ఫారంలోనూ ఊరి పేరే రాశాడు.

"మరేటి రాత్తాం?" అన్నారు పోలరాజుగారు. "ఈడ పని సేత్తన్నాం. ఊరు ఊరే కదా. ఎప్పుడో ఓనాడు ఎల్లిపోతామనే అనుకున్నాం."

ఎవరూ వెళ్ళలేదు.

జోగమ్మగారి మనవరాలు శైలజ బిష్టుపూర్‌లో ఒక రక్తపరీక్షల కేంద్రంలో రిసెప్షన్‌లో పని చేస్తుంది. ఇరవై ఆరేళ్ళు. నానమ్మా మనవరాలూ ఇద్దరే ఉంటారు. ఆ పిల్లకి తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే చెప్తుంది. గట్టు మీది వాళ్ళందరి తరఫునా అర్జీ ఆ పిల్లే రాసింది. ఓటరు జాబితాలు తిరగేసింది, పాతవి దొరకలేదు. చివరికి తన దగ్గర ఉన్న ఒకే ఒక అచ్చు కాగితం, మా సంఘం పుస్తకం, అర్జీకి జత చేసింది. పేజీ తెలిసేలా పసుపు రంగు కాగితం ముక్క కూడా పెట్టింది. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు. పుస్తకం మనది, మనవాళ్ళే రాశారు, మనకి అనుకూలంగానే ఉంటుంది అనుకుంది.

అర్జీ తీసుకున్న ఆఫీసులో తెలుగు చదవగలిగిన ఉద్యోగి ఒకడు ఉన్నాడు.

అక్టోబరులో శైలజ మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఒక కవరు నా చేతికిచ్చింది. అందులో హిందీలో టైపు చేసిన అరపేజీ. అర్జీదారులు సమర్పించిన గ్రంథంలోనే బస్తీ 1986లో మొదలైనట్టు స్పష్టంగా ఉన్నందున అర్జీ తిరస్కరించడమైనది.

"ఆంటీ, ఇది మీరే రాశారా?" అని హిందీలో అడిగింది.

"నేనే రాశాను. కానీ లెక్కపెట్టే రాశానమ్మా."

"ఎవరైనా మిమ్మల్ని లెక్కపెట్టమన్నారా?"

ఆ మాట గట్టిగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నేను మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి వచ్చేసరికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే బజారుకి వెళ్ళాను. జోగమ్మగారు గోనె పరిచి నెత్తళ్ళు ఒక పక్క, సావళ్ళు ఒక పక్క కుప్పలు పోస్తున్నారు. పక్కనే కూర్చున్నాను. కుప్ప పోయడం అయ్యాక అన్నారు.

"నువ్వు రాసిందేటో తప్పుందంటగా."

"తప్పు లేదు జోగమ్మగారూ. ముప్పై అయిదు శూలాలు. రెండేళ్ళు సంబరం లేదు. ఏడాదికొకటి చొప్పున..."

"ఏడాదికొకటేటి?" ఆవిడ చెయ్యి ఆగింది. "ఇప్పుడంటే ఏటేటా సేత్తన్నాం గానీ, అప్పుట్లో మూడేళ్ళకోపాలే కదమ్మా. మా ఊళ్ళో ఇప్పుటికీ మూడేళ్ళకే."

ఏటేటా ఎప్పటినుంచి అని అడిగాను.

"వరదొచ్చి, నీళ్ళు పాడయ్యి, పిల్లలకి వాంతులట్టుకున్నాయి సూడు. నలుగురు పోనారు. మా శైలజకి ముందు పుట్టిన గుంట కూడా అప్పుడే పోనాది. అమ్మోరికి కోపమొచ్చినాదని, ఇంక ఏటేటా సేత్తామని మొక్కుకున్నాం. మా ఆయన పోయిన మరుసటేడది. అంచేత శూలాలు బయట సేయించినాం. ఆయన సేతివి పదకొండే."

పదకొండు. సుత్తితో కొట్టినవి, ముళ్ళు వంకరగా ఉన్నవి. నా చేత్తో ఆ సంగతి రాసి, అచ్చులో కామా ఎక్కడ పడాలో కూడా చూశాను. ఎందుకు తేడాగా ఉన్నాయని మాత్రం అడగలేదు.

అక్కడే కూర్చుని వేళ్ళ మీద లెక్క వేశాను. ఏటేటా చేసినవి ఇరవై నాలుగు, కరోనా రెండేళ్ళు, వెనక్కి వెళ్తే 1997. అంతకు ముందు పదకొండు సంబరాలు, మూడేళ్ళకొకటి. మొదటిది 1964.

"గోల్‌మురిలో చాలా నాళ్ళున్నామన్నారు కదండీ" అన్నాను. నా గొంతు నాకే ఫిర్యాదులా వినిపించింది.

"ఒక వానాకాలం. మా తోటికోడలి దగ్గిర అదే శానా."

"మరి నేను చదివి వినిపించినప్పుడు చెప్పలేదేం?"

"నువ్వడగనేదు కదమ్మా" అన్నారావిడ. తర్వాత ఎవరో వచ్చి నెత్తళ్ళు ఎంతని అడిగితే అటు తిరిగారు.

వారం తిరిగాక నేను ఆ ఆఫీసుకి వెళ్ళాను. మా ఆయన కూడా వచ్చారు. అంతకు ముందు రాత్రంతా కూర్చుని నాలుగు పేజీల సవరణ రాశాను, పట్టిక గీశాను, శూలాల ఫొటోలు అతికించాను. వాళ్ళ ఊరి పూజారికి ఫోన్ చేసి, అక్కడ సంబరం మూడేళ్ళకోసారే అని ఉత్తరం తెప్పించాను. సంఘం లెటర్‌హెడ్ మీద కార్యదర్శి సంతకం.

అధికారి మర్యాదస్తుడు. నలభై ఏళ్ళు ఉంటాయి. మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పుస్తకం అతని బల్ల మీదే ఉంది, శైలజ పెట్టిన పసుపు కాగితం ఇంకా అందులోనే ఉంది. మా పేజీకి హిందీ అనువాదం చేయించుకున్నాడు.

"చాలా శ్రద్ధగా రాశారు మేడమ్" అన్నాడు హిందీలో. "మాకు వచ్చే కాగితాల్లో అన్నీ వందేళ్ళు, రెండొందల ఏళ్ళు. మీరొక్కరే లెక్క చూపించారు. కరోనా రెండేళ్ళు కూడా కలిపారు."

"ఆ లెక్కలోనే తప్పు జరిగింది. మొదట్లో పండగ మూడేళ్ళకోసారి."

"అది పుస్తకంలో లేదు."

"నాకప్పుడు తెలియదు."

"ఇప్పుడు ఎవరు చెప్పారు?"

"జోగమ్మగారు."

"ఆవిడ ఇల్లు కూడా జాబితాలో ఉంది కదా."

నేను ఊరి పూజారి ఉత్తరం ముందుకు తోశాను. చదివించుకున్నాడు. "ఇది వాళ్ళ ఊరి సంగతి. ఈ ఊరిది కాదు." ఫొటోలు చూశాడు. "రెండు రకాల శూలాలు ఉన్నాయి, నిజమే. కమ్మరి మారి ఉంటాడు." కాగితాలన్నీ అంచులు కలిపి సర్ది నాకు తిరిగి ఇచ్చాడు. "మేడమ్, నోటీసుకి ముందు, ఎవరి కోసమూ కాకుండా, మీరు రాసింది అది. నోటీసు తర్వాత, వీళ్ళ కోసం రాసింది ఇది. నా స్థానంలో మీరుంటే దేన్ని నమ్ముతారు?"

నేనైనా మొదటిదాన్నే నమ్ముతాను. నా మొహం చూసి అతనికి అర్థమైందనుకుంటాను.

ఆటోలో తిరిగి వస్తుంటే మా ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. వంద అని వేస్తే పోయేది కదా అని అంటారేమో అని ఎదురుచూశాను. అనలేదు. ఇంటికి వచ్చాక బట్టలు మార్చుకుని, "అన్నం పెట్టు" అన్నారు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. అని ఉంటే బాగుండేది.

సంఘం ఒక వకీలుని పెట్టింది. అతను రెండు వాయిదాలు తెచ్చాడు. ఆ రెండు వాయిదాలూ నేను కోర్టు వరండాలో నిలబడ్డాను. అవతలి వకీలు చదివింది నా వాక్యమే. మూడో వాయిదాకి తీర్పు వచ్చేసింది.

కూల్చింది 2025 ఫిబ్రవరిలో, ఒక మంగళవారం పొద్దున. పోలీసు జీపులు రెండు, పొక్లెయిన్లు రెండు. గట్టు మీద గొడవ పెద్దగా జరగలేదు. అప్పటికే చాలామంది సామాన్లు తీసేసుకున్నారు. రేకులు, తలుపులు, కుళాయి గొట్టాలు ఎవరివి వాళ్ళు విప్పుకుని ఒడ్డున పేర్చుకున్నారు. చూరుకి వేలాడే వల ముక్కలు కొన్ని గోడలతో పాటే పోయాయి.

అమ్మవారి దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. ఎవరు తీసుకెళ్ళాలి? కొందరు గోల్‌మురిలో అద్దెకి దిగుతున్నారు, కొందరు ఆదిత్యపూర్ వైపు, నాలుగు కుటుంబాలు తిరిగి సొంత ఊరికి వెళ్ళిపోతున్నాయి. ఊళ్ళో ఆ అమ్మవారు ముందే ఉంది, రెండో రాయి ఒప్పుకోరు. అద్దె గదుల్లో వేటపోతుల్ని బలిచ్చే అమ్మవారిని ఏ ఇంటివాడూ పెట్టనివ్వడు.

"అందరం ఒక్కచోట ఉంటేనే కదేటి అమ్మోరు" అన్నారు పోలరాజుగారు. "ఇడిపోయినాక ఎవులికి కాపలా కాత్తాది?"

చివరికి జోగమ్మగారే అన్నారు. "ఏట్లో ఇడిసిపెట్టీండి. ఈ నీళ్ళు మా సంద్రంలోకే ఎల్తాయి. దానంతట అదే ఊరెల్లిపోద్ది."

ఈ నీళ్ళు సువర్ణరేఖలో కలిసి, ఒడిశా తీరాన బంగాళాఖాతంలో పడతాయన్నది నిజం. వాళ్ళ పల్లెకి అది చాలా ఉత్తరాన. పైగా అంత బరువు రాయి పది అడుగులు కూడా కదలదు, వేసినచోటే ఇసకలో దిగబడిపోతుంది. ఇవన్నీ నా భూగోళం పేజీలో ఉన్న సంగతులే. ఏమీ అనలేదు.

నలుగురు మగవాళ్ళు రాయిని గోనెలో పెట్టి మోసుకెళ్ళారు. మోకాళ్ళ లోతులో వదిలారు. ఆడవాళ్ళు పసుపు నీళ్ళు పోశారు. ఎవరూ ఏడవలేదు. డప్పు లేదు. వెనకనుంచి పొక్లెయిన్ డ్రైవరు హారన్ కొట్టాడు.

శూలాలు పోలరాజుగారు పెరికి ఒక సిమెంటు సంచిలో వేశారు. సంచి నా ముందు దబ్బున పెట్టారు.

"ముప్పై ఏడున్నాయమ్మా. నువ్వు సూసినాక రెండెక్కువయ్యాయి. సరిపోయాయో నేదో లెక్కెట్టుకో. మళ్ళీ పుస్తకమేత్తారేటి?"

"ఒరే, ఊరుకో" అన్నారు జోగమ్మగారు.

"ఏటి ఊరుకునేది? వందన్నాను. నవ్వినారు. మా తాత పేరడిగినాది ఈ అమ్మ. ఆ పేరేటో నాకు తెల్దు, నిజమే. పేరు తెల్దని తాత నేకండా పోతాడేటి?"

ఆ సంచి ఎవరూ తీసుకోలేదు. మధ్యాహ్నానికి పాత ఇనుము కొనేవాడు రేకులతో పాటు ఎత్తుకుపోయాడు.

మూడు వారాల తర్వాత జోగమ్మగారు రమ్మన్నారని కబురు వచ్చింది. గోల్‌మురిలో ఒక మేడ వెనక గది. కిటికీ లేదు. నానమ్మా మనవరాలూ పడుకుంటే పొయ్యికి చోటు ఉండదు. శైలజ పనికి వెళ్ళింది. జోగమ్మగారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. బజారుకి ఇక్కడినుంచి రెండు ఆటోలు మారాలి, బుట్టతో ఎక్కించుకోరు. వ్యాపారం మానేశారు.

"తిరిగి తిరిగి గోల్‌మురికే వచ్చీసినానమ్మా" అన్నారు. "తోటికోడలొక్కర్తే తక్కువ."

నవ్వడానికి ప్రయత్నించాను.

ఇంటివాడు ఠాణాలో ఇవ్వాల్సిన ఫారం ఒకటి ఇచ్చాడు. అద్దెకి దిగినవాళ్ళ వివరాలు. శైలజ పూర్తి చేస్తానంటే ఆవిడ వద్దన్నారట, ఆయమ్మే రాయాల అన్నారట. నేను సంచిలోంచి కళ్ళజోడు, పెన్ను తీశాను. పేరు రాశాను. భర్త పేరు, అప్పలరాజు, లేటు. వయసు. ఆధార్ అంకెలు రెండుసార్లు సరిచూశాను.

"శాశ్వత చిరునామా. ఊరి పేరు రాయనా?"

"ఊళ్ళో నాకేటుందమ్మా?" ఆవిడ గోడకి ఆనుకున్నారు. "పోలమ్మ గట్టని రాయి."

"జోగమ్మగారూ, అది ఇప్పుడు..."

"నాకు తెలుసు. నా కళ్ళముందే కదా పడగొట్టినారు. రాయి నువ్వు. నాను సెప్తే నమ్మరు గానీ, నువ్వు రాత్తే నమ్ముతారు."

ఎత్తిపొడుపో కాదో ఆవిడ మొహంలోకి చూసి పోల్చుకోవాలనుకున్నాను. అలాంటిదేమీ కనిపించలేదు. బజారులో తూకం వేసేటప్పుడు ముల్లు వైపు చూసే చూపుతోనే నా పెన్ను వైపు చూస్తున్నారు.

రాశాను. పోలమ్మ గట్టు, ఖర్కాయి ఒడ్డు, కద్మా. కింద గడిలో, అక్కడ ఎప్పటినుంచి నివాసం అని ఉంది. 1964 అని వేశాను. అంకెలు విడివిడిగా, స్పష్టంగా.

"ఎంతేసావు?"

"అరవై నాలుగు."

"ఊఁ" అన్నారావిడ. "అదే."

ఫారం శైలజ మర్నాడు ఠాణాలో ఇచ్చింది. ఇచ్చావా అని ఫోన్ చేసి అడిగాను. ఇచ్చానంది. అక్కడివాళ్ళు ఏమైనా అడిగారా అన్నాను.

"ఏం అడుగుతారు ఆంటీ? ఫొటో అంటించామా లేదా చూశారు, అంతే. మిగతాది ఎవరూ చదవరు" అంది.